చేతికి తెలిసే విమానం

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడపడం నేర్చుకోవాలనుకునేవాళ్ళు చాలామంది మొదటిరోజే బోయింగ్ 737నో, ఎయిర్‌బస్ ఏ320నో పట్టుకుంటారు. పెద్ద విమానమంటే ఎవరికైనా మోజే. నన్నడిగితే మొదటి విమానంగా ఏటీఆర్ 72 తీసుకోండి. రెక్క పైన ఉంటుంది, దానికి రెండు టర్బోప్రాప్ ఇంజిన్లు, 500, 600 రకాల్లో ఒక్కో ప్రొపెల్లర్‌కు ఆరు బ్లేడ్లు, లోపల డెబ్బై చిల్లర సీట్లు. ఇందులో ఆటోథ్రాటిల్ లేదు. వేగం చూసుకుంటూ పవర్ లీవర్లను పైలట్ తన చేత్తోనే జరపాలి. ప్రయాణం గంటలో అయిపోతుంది కాబట్టి రాత్రి భోంచేసి మొదలుపెట్టినా పడుకునేలోపు దిగిపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది మన ఊళ్ళకు తిరిగిన విమానం.

హైదరాబాద్‌లో బోరబండ వాళ్ళకు విమానం మరీ దూరపు వస్తువేమీ కాదు. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. పడమటి నుంచి దిగే విమానం దాదాపు బోరబండ, సనత్‌నగర్‌ల వరుసలోనే వస్తుంది. విమానాలు మామూలుగా దిగే మూడు డిగ్రీల వాలుతో లెక్క వేస్తే, రన్‌వేకి నాలుగు కిలోమీటర్ల ముందు దాని ఎత్తు సుమారు 700 అడుగులు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకునేదాకా హైదరాబాద్‌కు వచ్చే ప్రయాణికుల విమానాలన్నీ బేగంపేటలోనే దిగాయి. పక్కనే బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం 1965 నుంచి ఉంది. ఇలాంటి చోట పుట్టి పెరిగిన పిల్లాడికి విమానం మీద మనసు పడితే, అది గొంతెమ్మ కోరిక అని ఎవరూ అనకూడదు.

ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా ఒకే ఒక్క సర్వీసు చుట్టూ తిరుగుతుంది. అది హైదరాబాద్ నుంచి కడపకు. టర్బో మేఘా ఎయిర్‌వేస్ 2015 జూలైలో ట్రూజెట్ పేరుతో, హైదరాబాద్ కేంద్రంగా, ఏటీఆర్ 72 విమానాలతో మొదలైంది. నటుడు రామ్‌చరణ్ పేరు దానితో ముడిపడి ఉండటంతో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో ఆ కబురు బాగానే తిరిగింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఉడాన్ పథకాన్ని ప్రారంభించినప్పుడు, సిమ్లా–ఢిల్లీ విమానంతో పాటు కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులకు కూడా జెండా ఊపారు. ఆ రెండూ ట్రూజెట్‌వే. అదే ఏడాది డిసెంబరులో ఇండిగో కూడా ఏటీఆర్ 72-600 విమానాలు నడపడం మొదలుపెట్టింది. ట్రూజెట్ మాత్రం 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఆగిపోయిన ఆ కడప విమానాన్ని మీ గదిలో మళ్ళీ లేపడమే ఇక్కడ మన పని.

పరిధి ఇంత చిన్నగా ఎందుకు పెట్టానో చెబుతాను. విమానం మొత్తాన్ని, కాక్‌పిట్ మొత్తాన్ని ఒకేసారి కట్టాలని మొదలుపెట్టిన పనులు మూడో నెలలో అటకెక్కుతాయి. పైకప్పు ప్యానెల్ సగంలో ఆగుతుంది, స్క్రీన్లు కొనడానికి డబ్బు చాలదు, ఇంట్లోవాళ్ళు ఆ చెక్కల కుప్ప ఎప్పుడు తీస్తావని అడుగుతారు. ఒక్క ప్రయాణాన్ని ఎంచుకుంటే, ఆ గంటలో మీ చేయి వేటిని తాకుతుందో అవి మాత్రమే చేయాలి. కాగితం తీసుకుని రాయండి: పవర్ లీవర్లు, కండిషన్ లీవర్లు, ఫ్లాప్ లీవర్, గేర్ లీవర్, ట్రిమ్‌లు, పార్కింగ్ బ్రేక్, ఆటోపైలట్‌లో ఎత్తు, దిశ తిప్పే రెండు మరలు. అంతే. మిగతావన్నీ మౌస్‌తో నొక్కినా ఏ నష్టమూ లేదు.

కంటికి కనపడేదానికీ చేతికి తెలిసేదానికీ ఉన్న తేడా ఫిల్మ్‌నగర్ పక్కన ఉండేవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. కృష్ణానగర్, రహ్మత్‌నగర్, బోరబండ ఇళ్ళల్లో సినిమా సెట్లు వేసే కార్పెంటర్లు, మౌల్డర్లు, పెయింటర్లు ఉంటారు. విమానం లోపలి సెట్ వేయమంటే వాళ్ళు ప్లైవుడ్, రీపర్లు, థర్మాకోల్‌తో రోజుల్లో నిలబెడతారు. కెమెరా చూసే వైపు మాత్రమే అది విమానం. లీవర్ జరపాల్సిన పనిలేదు, జరిగినట్టు కనపడితే చాలు. సినిమాకు అదే సరైన పద్ధతి. మనకు కావలసింది దానికి నేరుగా ఎదురు. పెడెస్టల్‌కు, అంటే లీవర్లుండే దిమ్మెకు, రంగు వేయకపోయినా ఫరవాలేదు, కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే ఏది ఏ లీవరో తెలియాలి. మీ వీధిలో సెట్ కార్పెంటర్ అన్న ఎవరైనా ఉంటే, ఆయన్ను అడగాల్సింది ఎలా కనిపించాలని కాదు. మూడేళ్ళు కదిపినా వదులవని చెక్క కీలు ఎలా వేయాలని.

లీవర్ల సంగతి ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, అసలు విమానాల్లో మనుషుల ప్రాణాలు వాటి మీదే ఉన్నాయి కనుక. ఏటీఆర్ పెడెస్టల్ మీద ఎడమనుంచి కుడికి వరసగా పవర్ లీవర్లు రెండు, కండిషన్ లీవర్లు రెండు, తర్వాత ఫ్లాప్ లీవర్ ఉంటాయి. పవర్ లీవర్ ఇంజిన్‌కు ఎంత బలం కావాలో చెబుతుంది. కండిషన్ లీవర్‌కు నాలుగు స్థానాలున్నాయి: ఇంధనం ఆపేది, ఫెదర్, ఆటో, చివరన నూరు శాతం. ఫెదర్ అంటే ప్రొపెల్లర్ బ్లేడ్లు గాలికి అంచు పెట్టి నిలబడటం. అప్పుడు గాలి నిరోధం తగ్గుతుంది, కానీ ముందుకు లాగే బలం కూడా పోతుంది. ఇంజిన్ పాడైతే అదొక వరం. మంచి ఇంజిన్‌కు అదే జరిగితే ప్రమాదం.

2023 జనవరి 15న నేపాల్‌లో కాఠ్మాండూ నుంచి పోఖరాకు వచ్చిన యెతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72 దిగడానికి ముందు, నడుపుతున్న పైలట్ ఫ్లాప్స్ 30 అడిగారు. పక్కనున్న పైలట్ ఫ్లాప్స్ 30 అని బదులిచ్చారు కూడా. ఫ్లాప్స్ కదల్లేదు. రెండు కండిషన్ లీవర్లూ ఫెదర్‌లోకి వెళ్ళాయని, అది పొరపాటున జరిగిందని దర్యాప్తు తేల్చింది. విమానంలో ఉన్న 72 మందీ చనిపోయారు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్ఏషియా ఏటీఆర్ 72-600 గాల్లోకి లేచిన కాసేపటికే కుడి ఇంజిన్ ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ అయింది. బాగా తిరుగుతున్న ఎడమ ఇంజిన్ పవర్‌ను పైలట్ తగ్గించారు. 43 మంది పోయారు. ఈ రెండు విమానాలనూ నడిపినవాళ్ళు శిక్షణ పొందినవాళ్ళే. చేయి పోవలసిన చోటికి పోలేదు, పోయిందో లేదో చూసే రెండో కన్ను ఆ క్షణంలో పని చేయలేదు.

ఈ రెండు దర్యాప్తు నివేదికలూ ఎవరైనా చదవగలిగేవే. విమానం ఎలా పని చేస్తుందో ఓపికగా వివరించే పుస్తకాలు అంతకంటే మంచివి దొరకవని నా నమ్మకం. లీవర్ల స్థానాలు, ప్రొపెల్లర్ నియంత్రణ, హెచ్చరికలు మోగే క్రమం అన్నీ వాటిలో ఉంటాయి. ఏ పైలట్ స్నేహితుడూ లేని బోరబండ కుర్రాడికి అవే గురువులు. వాటిని చదివేటప్పుడు ఆ ప్రమాదాల్లో పోయిన మనుషుల్ని మరచిపోవద్దు.

ఇక చెక్క పని. లీవర్‌కు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సరిపోతుంది. రెండు లీవర్ల మధ్య నైలాన్ వాషర్ వేసి, అన్నిటినీ ఒకే పొడవాటి బోల్టుకు గుచ్చి, చివర రెక్కల నట్టు బిగించండి. నట్టు తిప్పితే బిగువు పెరుగుతుంది, లీవర్ వదిలినచోటే నిలబడుతుంది. పవర్ లీవర్ మెత్తగా, ఎక్కడైనా ఆగేలా జరగాలి. కండిషన్ లీవర్ అలా జరగకూడదు. దాని ప్రతి స్థానం దగ్గరా టక్కుమని పడాలి, అక్కడినుంచి తీయాలంటే కాస్త బలం పెట్టాలి. అల్మారా తలుపులకు వాడే స్ప్రింగు గుండు క్యాచర్ ఒకటి, చెక్కలో నాలుగు గుంటలు ఉంటే ఆ పని అయిపోతుంది. ఫెదర్ వైపు గుంట కొంచెం లోతుగా తీయండి. పిడులు ఒకే ఆకారంలో ఉండనివ్వవద్దు: పవర్ లీవర్‌వి గుండ్రం, కండిషన్ లీవర్‌వి పలక, ఫ్లాప్ లీవర్‌ది రెక్కలా చదును. నా లెక్కలో ఇంత చేస్తే సగం విమానం తయారైనట్టే.

లీవర్ కదలికను కంప్యూటర్‌కు చెప్పేది పొటెన్షియోమీటర్, పొట్టిగా పాట్. కోఠీ గుజరాతీ గల్లీలో అడగండి. అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ఆంప్లిఫయర్ వాల్యూమ్‌కు వాడే లాగ్ రకం చేతిలో పెట్టేస్తారు. మీకు కావలసింది లీనియర్. దాని మీద బీ10కే అని అచ్చు ఉంటుంది. ఇంకో చిక్కు ఉంది. పాట్ ఈ చివరనుంచి ఆ చివరకు దాదాపు 300 డిగ్రీలు తిరుగుతుంది, మీ లీవర్ మాత్రం 60 డిగ్రీలే కదులుతుంది. పాట్‌ను కంప్యూటర్‌కు కలిపే ఆర్డ్యునో బోర్డు ఆ మొత్తం తిరుగుడును 1,024 మెట్లుగా చదువుతుంది కాబట్టి లీవర్ నేరుగా బిగిస్తే మీకు దక్కేది 200 మెట్లు మాత్రమే. దిగేటప్పుడు పవర్‌ను వెంట్రుకవాసి మార్చాల్సి వస్తుంది, అక్కడ ఈ లోటు చేతికి తెలుస్తుంది. లీవర్ వైపు పెద్ద పళ్ళ చక్రం, పాట్ వైపు చిన్నది, మధ్యలో పళ్ళ బెల్టు వేస్తే మెట్లు మూడు నాలుగు రెట్లవుతాయి. త్రీడీ ప్రింటర్ల విడిభాగాలు అమ్మే దుకాణాల్లో ఈ చక్రాలు దొరుకుతాయి. ఇత్తడి ముక్క తిప్పించుకోవాలంటే బాలానగర్ లేత్ షాపులున్నాయి. చెక్కను లేజర్‌తో కోయించుకోవాలన్నా, త్రీడీ ప్రింట్ తీయించుకోవాలన్నా రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌ను ఓసారి చూసి రండి. ఆర్డ్యునో మెగా బోర్డును సిమ్యులేటర్‌తో మాట్లాడించడానికి మొబీఫ్లైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు.

కొలతలకు ఒక ఉపాయం. బేగంపేటలో వింగ్స్ ఇండియా ప్రదర్శన జరిగినప్పుడు విమానాలను దగ్గరగా చూడొచ్చు. ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టే అవకాశం ఉండదు కాబట్టి, కొలత తెలిసిన వస్తువును ఫ్రేములో ఉంచండి. ఏటీఆర్ 72 పొడవు 27.17 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 27.05 మీటర్లు, ప్రొపెల్లర్ వ్యాసం 3.93 మీటర్లు. ఈ మూడూ తెలిస్తే బయట తీసిన ఏ ఫోటోలోనైనా మిగతావి లెక్కగట్టొచ్చు.

సాఫ్ట్‌వేర్ దగ్గర రెండు దారులున్నాయి. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఉంటే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఏటీఆర్ 42-600, 72-600 జంట కొనుక్కోండి. హాన్స్ హార్ట్‌మన్ అనే డెవలపర్ దాన్ని తయారు చేశాడు, విమానం తయారుచేసే ఏటీఆర్ సంస్థ సహకారం కూడా ఉంది. ట్రూజెట్ మొదట వాడిన 72-500కూ, ఈ 600కూ కాక్‌పిట్‌లో తేడా ఉంది. 600లో ఐదు పెద్ద ఎల్‌సీడీ తెరలుంటాయి. లీవర్ల పని మాత్రం దాదాపు ఒకటే కాబట్టి మనకు ఇబ్బంది లేదు. బయట ట్రూజెట్ రంగులు వేసుకోవడం మీ ఇష్టం, అది చివరి వారం పని.

పాత కంప్యూటరే ఉంటే ఫ్లైట్‌గేర్ చాలు. అది ఉచితం. అందులో విమానం ఎలా ఎగరాలో చెప్పే ఫైళ్ళు తెరిచి చదవొచ్చు, మార్చొచ్చు. ప్రొపెల్లర్ ఎంత వేగానికి ఎంత లాగుతుందో చెప్పే పట్టికలు అంకెలతో కళ్ళ ముందుంటాయి. విమానాన్ని తానే మొదటినుంచి తయారు చేయాలనుకునేవాళ్ళు బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీయడంతో కాకుండా, ఈ పట్టికలతో మొదలుపెట్టాలని గట్టిగా చెబుతాను. బొమ్మ ఆరు నెలల తర్వాతైనా గీయొచ్చు. అంకెలు తప్పైతే ఎంత అందమైన బొమ్మైనా గాల్లో అబద్ధమాడుతుంది.

అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించడానికి మన ఎండలే పనికొస్తాయి. శంషాబాద్ సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఎంత పలుచబడుతుందంటే, విమానం సుమారు 5,500 అడుగుల ఎత్తున ఉన్నట్టు లెక్క. సిమ్యులేటర్‌లో వాతావరణాన్ని ఒకసారి 15 డిగ్రీలకు, ఒకసారి 40 డిగ్రీలకు పెట్టి, నిండు బరువుతో, అదే రన్‌వే మీద లేపి చూడండి. రెండుసార్లూ ఒకే చోట లేస్తే ఆ విమానం నమ్మదగ్గది కాదు. రెండో పరీక్ష, గాల్లో ఉండగా పవర్ లీవర్లను ఫ్లైట్ ఐడిల్‌కు లాగడం. ప్రొపెల్లర్లు పళ్ళాల్లా గాలికి అడ్డం పడి వేగం చప్పున తగ్గాలి. జెట్ అలవాటుతో వచ్చినవాళ్ళు ఇక్కడే ఆశ్చర్యపోతారు. మూడోది, పవర్ మార్చిన ప్రతిసారీ ముక్కు పక్కకు జరగాలి, రడ్డర్ ట్రిమ్ తిప్పితేగాని, విమానం పక్కకు జారుతోందో లేదో చూపే సూచికలోని బంతి మధ్యకు రాకూడదు.

నాకు ఈ విమానంలో బాగా ఇష్టమైన ఏర్పాటు హోటల్ మోడ్. పెద్ద జెట్లకు నేలమీద కరెంటు, చల్లగాలి ఇవ్వడానికి తోకలో ఏపీయూ అనే చిన్న ఇంజిన్ ఉంటుంది. ఏటీఆర్‌లో అది లేదు. బరువు, ఖర్చు రెండూ మిగిల్చారు. దానికి బదులు కుడి ప్రొపెల్లర్‌కు ఒక బ్రేకు పెట్టారు. ఇంజిన్ లోపల తిరుగుతూనే ఉంటుంది, బయట ప్రొపెల్లర్ కదలకుండా నిలబడి ఉంటుంది. ఆ ఇంజినే కరెంటూ గాలీ ఇస్తుంది. ప్రయాణికులు ఎడమవైపు వెనక తలుపునుంచి ఎక్కుతారు, సామాను గది ముందు భాగంలో ఉంటుంది. ఎందుకు అలా అమర్చారో, కుడి ఇంజిన్‌నే ఎందుకు ఎంచుకున్నారో ఒక్క నిమిషం ఆలోచిస్తే విమానమంతా అర్థమవడం మొదలవుతుంది. మీ సిమ్యులేటర్‌లో ప్రతి ప్రయాణాన్నీ ఇక్కడినుంచే మొదలుపెట్టండి. రన్‌వే మీద సిద్ధంగా ఉన్న విమానంలో కూర్చోవడం నాకు నచ్చదు.

ఇప్పుడు కడప బయల్దేరదాం. ప్రొపెల్లర్లను నూరు శాతం వేగంలో ఉంచి లేస్తారు, ఎక్కేటప్పుడు పవర్ మేనేజ్‌మెంట్ మరను క్లైంబ్‌కు తిప్పితే అవి 82 శాతానికి దిగుతాయి. మోత మారుతుంది, ఆ మార్పు చెవికి అలవాటు కావాలి. కిందుగా కృష్ణ దాటుతుంది, ఎడమ పక్కన శ్రీశైలం, నల్లమల, తర్వాత కుడి పక్కన నంద్యాల. నేరుగా గీత గీస్తే 300 కిలోమీటర్లు కొద్దిగా దాటుతుంది. దిగడం ఎప్పుడు మొదలుపెట్టాలో నోటి లెక్కతో తేల్చండి: దిగాల్సిన వేల అడుగులను మూడుతో గుణిస్తే అన్ని నాటికల్ మైళ్ళు. 15,000 అడుగులు దిగాలంటే 45 మైళ్ళు, అంటే 83 కిలోమీటర్ల ముందు. నిమిషానికి నాలుగున్నర మైళ్ళ వేగంలో అది పది నిమిషాలు. విమానాశ్రయాల పటాలను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉచితంగానే ఇస్తోంది, కడప పటం అచ్చు తీసుకుని లీవర్ల పక్కన అంటించుకోండి.

ఒంటరిగా చేయొద్దు. ఏటీఆర్ ఇద్దరు పైలట్ల విమానం. పక్కింటి స్నేహితుణ్ణి, చెల్లినో తమ్ముణ్ణో కుర్చీలో కూర్చోబెట్టండి. వాళ్ళకు విమానం గురించి ఏమీ తెలియకపోయినా చెక్‌లిస్ట్ చదవగలరు. నియమం ఒక్కటే. ఏ లీవర్ ముట్టుకునే ముందైనా దాని పేరు పైకి చెప్పాలి, దాని మీద చెయ్యి పెట్టి ఆగాలి, పక్కవాళ్ళు చూసి సరే అన్నాకే కదపాలి. ఫ్లాప్స్ అడిగితే ఫ్లాప్స్ కదిలాయో లేదో సూచిక చూసి చెప్పాలి. ఒక ఇంజిన్ ఆపేసి ఈ అభ్యాసం చేయండి; కుడిదా ఎడమదా తేల్చుకున్నాకే చేయి కదలాలి. తొందర పడినప్పుడు విమానాన్ని ముందు నిలబెట్టి, తర్వాతే లీవర్ దగ్గరకు రావాలి. ఈ అలవాటు కుదిరాక మీ తమ్ముడు మిమ్మల్ని ఆపడం, అన్నా అది కాదు అనడం ఒకరోజు జరుగుతుంది. ఆరోజు కోపగించుకోవద్దు, ఆపినందుకు మెచ్చుకోండి.

గది ఇరుకైతే పెడెస్టల్ కింద చక్రాలు పెట్టి మంచం కిందకు తోసేయండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, గోడ అవతల వాళ్ళు నిద్రపోతుంటారు. కరెంటు బిల్లు కట్టేవాళ్ళకు వారానికి ఎన్ని రాత్రులు, ఎన్ని గంటలు అన్నది ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడండి.

ఇదంతా చదివి ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్ళకు నా జవాబు: వచ్చే శనివారం కోఠీకి వెళ్ళి బీ10కే పాట్‌లు రెండు, ఒక ఆర్డ్యునో బోర్డు కొనండి. వచ్చే దారిలో హార్డ్‌వేర్ షాపులో గుండు క్యాచర్లు రెండు తీసుకోండి. మొదటగా కండిషన్ లీవర్ల జత చేయండి, పవర్ లీవర్లు తర్వాత. టక్కుమని పడుతోందో లేదో కళ్ళు మూసుకుని చూడండి.